హలీనా ఆంటీ తెచ్చిన తిరగలి

రమణక్క మా పెదనాన్న కూతురు. అల్ఫారెట్టాలో ఉన్న తన కూతురి దగ్గరికి వచ్చి, అక్కడ మనవరాలి స్కూలు, డాన్సు క్లాసుల హడావిడిలో ఊపిరాడక, నన్ను చూసిపోయే వంకతో ఒక్కతే విమానమెక్కి, మేముండే ఈ ఎడారి ఊరికి, చాండ్లర్‌కి వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే పెరట్లో కాఫీ తాగుతూ, ఎండకి కళ్ళు చికిలించి, "ఏందే, మన పల్నాడు ఎండ చాలలేదని ఇంతదూరం వచ్చి ఎండలో కూచున్నావా?" అంది. నేనింకా నవ్వుతూ ఉండగానే గ్లాసు కింద పెట్టి, "మా నాన్న గొంతు నీ దగ్గరేమన్నా ఉందా?" అని అడిగింది. పెదనాన్న పోయి ఏడాది కావస్తోంది. "ఫోన్ నిండా ఫోటోలే ఉన్నయ్యే. మాట మాత్రం ఒక్కటీ లేదు. వీడియో తీద్దామని ఫోన్ ఎత్తితే చాలు, స్టూడియోలో కూచున్నట్టు నోరు బిగించుకొని నిటారుగా కూచునేవాడు," అంది. "ఉంది," అనేశాను. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను.

ఉందన్న మాట నిజమే. అమ్మని షికాగో ఇంటినుంచి నా దగ్గరికి తెచ్చుకున్నప్పుడు ఆమె సామానుతో వచ్చిన అట్టపెట్టెలో, నాన్న ఆఫీస్‌కి కట్టుకునే పాత టైల కింద, ఒక క్యాసెట్ ఉంది. అందులో ఒకవైపంతా పెదనాన్న గొంతే. కానీ మా ఇంట్లో ఎవరూ దాన్ని పెదనాన్న క్యాసెట్ అనేవాళ్ళు కాదు. అది నాయనమ్మ గొంతు పోయిన క్యాసెట్. నాన్న బతికున్నంతకాలం దాని ఊసెత్తనిచ్చేవాడు కాదు, పారేయనిచ్చేవాడూ కాదు. దాని సంగతి చెప్పాలంటే ముందు హలీనా ఆంటీ గురించి చెప్పాలి. ఇన్ని రాశాను గాని ఆమె గురించి ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. చూపించడానికి నా దగ్గర ఆమె ఫోటో కూడా లేదు. మోకాళ్ళ దగ్గర మట్టి మరకలుండే గోధుమరంగు ప్యాంటు, మెడలో తాడుకి వేలాడే భూతద్దం, ఎక్కడ కూచున్నా ముందుగా నేలని పరకాయించి చూసే ఆ చూపు, ఇవే నాకు మిగిలినవి.

అప్పుడు మేం షికాగోలో పోలండ్ వాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో ఉండేవాళ్ళం. డెబ్బైలు వెళ్ళిపోయి ఎనభైలు మొదలవుతున్న రోజులు. రెండంతస్తుల ఇటుక ఇంట్లో కింది వాటా మాది, పై వాటా ఆంటీది. మెట్ల దగ్గర రెండిళ్ళ వాసనలూ కలుసుకునేవి. పైనుంచి పులిసిన క్యాబేజీ, దారానికి గుచ్చి ఆరబెట్టిన పుట్టగొడుగులు. కిందనుంచి ఇంగువ పోపు. మా పోపు పైకి పోతుందని అమ్మకి ఎంత బెంగంటే, మంచు కురుస్తున్నా వంటింటి కిటికీ తెరిచి, కోటు తొడుక్కుని మరీ చారు పెట్టేది. ఒకరోజు ఆంటీ దిగివచ్చి తలుపు కొట్టి, "ఆ కిటికీ మూసెయ్యి, వేడంతా బయటికి పోతోంది. వాసన నాకు బాగానే ఉంది," అని చెప్పి పోయింది. ఆ పూట అమ్మ కోటు విప్పి వంట చేయడం నాకింకా గుర్తుంది.

తాతయ్య పోయాక నాన్న పట్టుబట్టి నాయనమ్మని తెప్పించుకున్నాడు. నేత చీర మీద నాన్న పాత స్వెటర్, కాళ్ళకి నాన్న సాక్సులు, ఆ సాక్సుల మీదే హవాయి చెప్పులు, ఇదీ మా నాయనమ్మ అమెరికా వేషం. తెల్లవారకముందే లేచేది. ఊడవడానికి వాకిలి లేదు, పాలు పితకడానికి గేదె లేదు. వెనకవైపు చెక్కమెట్లు ఊడ్చి, నా సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి, ఇక చేసేది లేక కూచునేది. చేతులు ఖాళీగా ఉంటే ఆమెకి జబ్బు చేసినట్టుండేది. "ఈ దేశంలో అన్నీ మిషన్లే చేస్తే, మనుషులు చేతులు పెట్టుకొని ఏం చేస్తారే?" అని అడిగేది నన్ను. నాకేం తెలుసు, నేను టీవీలో కార్టూన్లు చూసుకునే వయసులో ఉన్నాను.

మా ఇంటి వెనక సందు దాటితే రైలు పట్టాలు. పట్టాల వెంట పొడుగ్గా ఒక బీడు. ఆ ఎండాకాలం నాయనమ్మ ఆ బీడు చూసి నోరు తెరిచింది. గంగపాయల కూర! ఎర్రటి కాడలతో, దళసరి ఆకులతో, అడిగే దిక్కులేక నేలంతా పరుచుకుని ఉంది. కొంగు దోపి కోసుకోవడం మొదలెట్టింది. ఇంతలో సందులోనుంచి మా పై వాటా హలీనా ఆంటీ, నాయనమ్మకి ఇంకా పరిచయం లేని మనిషి, "నో! పాయిజన్! పాయిజన్!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. నాయనమ్మ కొంగు వదలకుండానే, "ఈ చేను ఆమెదా? అడగలేదని కోపమా? అడుగు," అంది నాతో. అడిగాను. పట్టాల వెంట కలుపుమందు కొట్టారట, తింటే చస్తారట. చెప్పాను. నాయనమ్మ అంతా అక్కడే దులిపేసి, "ఇక్కడా మందే కొడతన్నారా! చెప్పు, మా ఊళ్ళో పత్తిచేలకీ ఇదే రోగమని చెప్పు," అంది. అది విని హలీనా ఆంటీ నాయనమ్మ చేయి పట్టుకుని, మందు పడని చోటికి, బీడు చివరికంటా తీసుకుపోయింది. ఇద్దరూ గొంతుక్కూచున్నారు. ఆంటీ ఆ ఆకుకి శాస్త్రం పేరు చెప్పింది, పోలిష్ పేరు చెప్పింది, మా పేరు అడిగింది. నాయనమ్మ పేరు చెప్పి ఊరుకోలేదు. ఏ లేతదనంలో కోయాలో, పొద్దున కోస్తే పులుపెందుకు ఎక్కువో అంతా చెప్పింది. మధ్యలో అనువాదం చేసి చేసి నా నోరు నొప్పి పుట్టింది.

ఆ సాయంత్రం పప్పులో వేసిన ఆ కూర ఒక గిన్నెడు పైకి వెళ్ళింది. మర్నాడు గిన్నె కిందికి వచ్చింది, ఖాళీగా కాదు, అందులో బ్లూబెర్రీలు. నాయనమ్మ ముఖం విప్పారింది. "చూశావా, గిన్నె ఒట్టిది తిరిగి ఇవ్వకూడదని ఆమెకీ తెలుసు," అంది. అది మా నాయనమ్మకి పెద్ద పట్టింపు. ఇరుగింటి గిన్నె మన ఇంటికి వస్తే అందులో ఏదో ఒకటి, చివరికి గుప్పెడు బియ్యమైనా పోసి పంపాలి. నాన్ననీ పెదనాన్ననీ ఆ పట్టింపుతోనే పెంచింది. ఆ రోజునుంచి హలీనా ఆంటీని ఆమె "వదినా" అని పిలిచేది. ఆ పిలుపుకి అర్థం ఏమిటని ఆంటీ నన్ను అడిగింది. అన్న భార్య అన్నాను, మొగుడి అక్క అని కూడా అన్నాను, మేనమామ కూతురు కూడా కావచ్చన్నాను. "అంటే అందరూ అన్నమాట," అంది ఆంటీ, తృప్తిగా.

ఆంటీ కథ నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. పోలండ్ తూర్పున చిత్తడి నేలల మధ్య ఒక పల్లె. తండ్రి అడవి కాపలాదారు. మొక్కలూ పిట్టలూ ఆయన వెంట తిరిగి నేర్చుకుంది. తర్వాత పల్లెటూరి బడిలో టీచరైంది. సెలవుల్లో ఊళ్ళమ్మట నడిచి వెళ్ళి, ముసలమ్మల పక్కన కూచుని, ఏ మొక్కని ఏమంటారో అడిగి రాసుకునేది. మొక్క పేరు అడిగితే పాట వచ్చేదట, పాట అడిగితే మొక్క పేరు వచ్చేదట, చివరికి రెండూ పోగుచేయడం మొదలెట్టిందట. అవన్నీ పెట్టెలకెత్తి ఒక ఇంట్లో భద్రంగా పెట్టింది. యుద్ధంలో ఆ ఇల్లు తగలబడింది. ఆ పాటలు పాడినవాళ్ళ ఊళ్ళు కూడా చాలావరకు మిగల్లేదు. శరణార్థి శిబిరాలన్నీ దాటి షికాగో చేరి, చాక్లెట్ల ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా పనిచేసింది. పాపం, చాక్లెట్ వాసన వస్తే ఆమె ముక్కు మూసుకునేది. ఆదివారాలు చర్చి కింది గదిలో, కొత్తగా దిగినవాళ్ళకి, ఏ దేశంవాళ్ళయినా సరే, ఇంగ్లీషు చెప్పేది. ఒక చలికాలం పక్కవీధిలో ఇంటి ఓనరు హీటర్ బాగుచేయించకపోతే, అద్దెకున్నవాళ్ళందరినీ వెంటేసుకుపోయి ఆయన గుమ్మం ముందు నిలబడి, హీటర్ వెలిగేదాకా రోజూ క్రిస్మస్ పాటలు పాడించిందట. పేటలో అందరూ ఆ సంగతి చెప్పుకుని నవ్వేవారు.

బీడులో మందు కొట్టొద్దని, దాన్ని పార్కింగ్ లాట్ చేయొద్దని ఆమె ఉద్యమం లేవదీసినప్పుడు మా నాయనమ్మ కూడా వెళ్ళి నిలబడింది. స్వెటరూ, సాక్సులూ, చేతిలో తను చదవలేని ఇంగ్లీషు అట్ట. ఆఫీస్‌నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తూ నాన్న చూశాడు. ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు. "అమ్మా, మన గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. ఇప్పుడు నువ్వు ధర్నాలు చేస్తే ఎట్టా?" నాయనమ్మ బెదరలేదు. "నేనేం చేశాను రా? కూరాకు కోసుకునే చోట మందు కొట్టొద్దని నిలబడ్డాను. మీ ఆఫీసరుకి చెప్పు, కావాలంటే ఆయనకీ ఒక గిన్నెడు పంపిస్తా," అంది.

ఇక పాటల సంగతి. ఆంటీ పద్ధతి ఒకటే: పాటకి పాట. ఎవరిచేతైనా ఒక పాట పాడించుకుంటే, మారుగా తనూ ఒకటి పాడాలి. గొంతు బొంగురు, శ్రుతి ఎటో పోయేది, అయినా సిగ్గుపడేది కాదు. ఇంకో నియమం, పాడినవాళ్ళ క్యాసెట్ వాళ్ళకే ఇచ్చేయాలి. తన కోసం ఒక కాపీ తీసుకుంటుంది గాని, అసలుది దాచుకోదు. "ఒకప్పుడు అన్నీ ఒక్కచోట పెట్టాను. ఒక్క నిప్పుకి పోయాయి. ఎవరి పాట వాళ్ళింట్లో ఉంటే, అన్నిళ్ళూ ఒకేసారి కాలవు కదా," అనేది. నాయనమ్మ దగ్గర పాటలున్నాయని నేనే వాగాను. ఆంటీ టేప్‌రికార్డర్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నాయనమ్మ కుర్చీలో కూచుని, గొంతు సవరించుకుని, నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. ఎంత బతిమాలినా రాదు. చివరికి విసుక్కుంది. "కుర్చీలో కూచుంటే పాటెట్టా వచ్చిద్దే? అది తిరగలి పాట. చేతిలో తిరగలుండాల. ఎదురుగా ఇంకో మనిషుండాల." మా ఇంట్లో పిండి చేసేది బ్లెండర్. దాని ముందు కూచుని పాడమంటే రాయి కూడా నవ్వుతుంది.

నేను అనువాదం చేసి చెప్పాక హలీనా ఆంటీ టేప్‌రికార్డర్ తీసుకుని పైకి వెళ్ళిపోయింది. నొచ్చుకుందేమో అనుకున్నాం. ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఇద్దరు బలమైన మనుషులచేత మోయించుకుని ఒక తిరగలి తీసుకొచ్చింది! పోలండ్ పల్లెల్లోనూ తిరగలి ఉందట. అక్కడినుంచి ఎవరో ఓడలో తెచ్చుకున్నది, పేటలోని పోలండ్ వాళ్ళ క్లబ్బు నేలమాళిగలో దుమ్ముకొట్టుకుపోయి పడి ఉంటే, నాలుగు రోజులకని బతిమాలి తెచ్చింది. రెండు గుండ్రాళ్ళు, పైరాతికి కర్ర పిడి. నాయనమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పైరాతిని నిమిరి, గుంటలో వేలు పెట్టి చూసి, "గంట్లు అరిగినయ్యి గాని, మంచి రాయే," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేశం కాని దేశం వచ్చాక ఆమె కంటతడి పెట్టడం నేను చూసింది అప్పుడే, అదీ సంతోషానికి.

వంటింట్లో నేలమీద పాత దుప్పటి పరిచారు. జొన్నలు దొరకలేదు, పోలిష్ కొట్టులో గోధుమలు దొరికాయి. ఇద్దరూ ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూచున్నారు, ఒకే పిడి మీద ఇద్దరి చేతులు. నాన్నా అమ్మా ఇంకా ఆఫీసులనుంచి రాలేదు. ఆంటీ టేప్‌రికార్డర్ మీట నొక్కింది. రాయి గుర్రుమంది. నాలుగు చుట్లు తిరిగాక, ఎవరూ అడక్కుండానే, నాయనమ్మ నోట్లోంచి పాట వచ్చింది. కొత్త గొంతు అది. మాట్లాడే గొంతు కాదు. పాటలో ఒక కోడలు తిరగలి ముందు కూచుని ఉంటుంది. పుట్టింటినుంచి అన్న వచ్చి, చెల్లెల్ని తీసుకుపోదామని అరుగు మీద కూచుంటాడు. గింజలయ్యాక వెళ్ళమంటుంది అత్త. అయిపోవస్తుంటే ఇంకో చేటెడు తెచ్చి పోస్తుంది. అన్న అరుగు మీదే కూచుని ఉంటాడు. మళ్ళీ చేటెడు. ఆ పిల్ల చివరికి పుట్టింటికి వెళ్ళిందో లేదో నాకు గుర్తులేదు. పాట సాగుతూనే ఉంది, మధ్యమధ్య ఆంటీకి కథ ఇంగ్లీషులో చెబుతూ, కార్టూన్ల వేళ దాటిపోతోందని నేను గింజుకుంటున్నాను, అదొక్కటే నాకు గుర్తు.

ఇక్కడ మా ఇంటి ఉత్తరాల సంగతి చెప్పాలి. నాన్నకీ పెదనాన్నకీ మధ్య కాగితం ఉత్తరాలు ఎప్పుడో ఆగిపోయాయి. క్యాసెట్టే ఉత్తరం. నాన్న ఒకటి నింపి, ఇండియా వెళ్ళేవాళ్ళెవరో చూసి ఇచ్చేవాడు. అక్కడ పెదనాన్న ఇల్లంతా చేరి వినేవాళ్ళు. విన్నాక అదే క్యాసెట్ మీద వాళ్ళ కబుర్లు నింపి వెనక్కి పంపేవాళ్ళు. ఇక్కడ మేం విని, మళ్ళీ దాని మీదే మాట్లాడేవాళ్ళం. ఒకరి మాటని చెరిపితేనే ఇంకొకరి మాటకి చోటు. దానికెవరికీ ఎప్పుడూ బాధ కలగలేదు, ఎందుకంటే మాట్లాడేవాళ్ళు బతికే ఉన్నారు.

నాన్న ఆఫీస్‌నుంచి వచ్చి నాయనమ్మ పాడిందని విని ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తర్వాత వింటాను, ముందు అన్నయ్య వినాలి అన్నాడు. "ఫ్రైడే మా ఫ్రెండ్ హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కుతున్నాడు. వాడి సూట్‌కేస్‌లో ప్లేస్ ఉంది. ఇప్పుడు మిస్ అయితే మళ్ళీ ఎవరు వెళ్తారో ఏమో!" ఆంటీ తటపటాయించింది. కాపీ తీసే రెండు మిషన్లున్న స్నేహితురాలు ఊళ్ళో లేదు. క్యాసెట్‌ని రెండు చేతులా పట్టుకుని కాసేపు నిలబడింది. "ఆ కొడుకు తల్లి గొంతు విని ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. నాయనమ్మ వచ్చినప్పటినుంచీ వినలేదు, మిషన్ ముందు ఆమె నోరు విప్పదు, అన్నాడు నాన్న. "అయితే వెళ్ళనీ. తిరిగి వస్తుంది కదా, అప్పుడు కాపీ తీస్తాను," అని ఇచ్చేసింది.

మర్నాడే మొదటి మంచు కురిసింది. నాయనమ్మకి జలుబు చేసింది, జ్వరం వచ్చింది. తగ్గినట్టే తగ్గి, దగ్గు పట్టుకుంది. తిరగలిని క్లబ్బువాళ్ళు వచ్చి తీసుకుపోయారు. క్రిస్మస్ దీపాలు పెట్టిన రోజుల్లో ఆస్పత్రిలో చేర్చారు. హలీనా ఆంటీ రోజూ బస్సెక్కి వెళ్ళి ఆమె పక్కన కూచునేది; ఒకరి భాష ఒకరికి రాదు, నేను లేను, ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో దేవుడికే తెలియాలి. నాయనమ్మ మళ్ళీ ఇంటికి రాలేదు. పెదనాన్నకి టెలిగ్రాం వెళ్ళింది.

దినాలన్నీ అయ్యాక, మంచు కరుగుతున్న రోజుల్లో, పోస్టులో క్యాసెట్ వచ్చింది. టెలిగ్రాం అందకముందే ఊళ్ళో బయల్దేరింది అది. నాన్న ఆఫీస్ మానేశాడు. తల్లి గొంతు వినడానికి అందర్నీ కూచోబెట్టి, మీట నొక్కాడు. "అమ్మా! నీ పాట విన్నామమ్మా," అంది పెదనాన్న గొంతు. "బజారు బజారంతా మన అరుగు మీదే. మళ్ళీ మళ్ళీ వేయించుకొని విన్నారు. తొందరగా వచ్చేయమ్మా. తమ్ముడూ, ఒట్టి క్యాసెట్ తిరిగి పంపకూడదని అమ్మ చెప్పిందిగా. మా కబుర్లన్నీ నింపి పంపుతన్నా." ఆ తర్వాత వానల సంగతి, మిరప నారు సంగతి, రమణక్క చదువు సంగతి. నాన్న కదల్లేదు. చివరికి "ఉంటా తమ్ముడూ, ఉంటానమ్మా," అనగానే మీట నొక్కి ఆపేశాడు. తిప్పి అవతలివైపు వేశాడు. ఖాళీ. ఆ ఆదివారం ఊరికి ట్రంకాల్ చేసి ఒకే ఒక్క మాటన్నాడు: "అమ్మ గొంతు తుడిచేశావన్నయ్యా." ఫోన్ పెట్టేశాడు.

ఆంటీకి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు నేలకేసి చూసింది. "నావి నిప్పులో పోయాయి. మీ అమ్మది కొడుకు మాటల కింద పోయింది. రెండూ ఒకటి కాదు," అంది. తర్వాత, మాటలు రావు గనక, ఆ పాట వరస మాత్రం సన్నగా తీసింది. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. అన్నదమ్ముల మధ్య ఇంకెప్పుడూ క్యాసెట్ వెళ్ళలేదు, రాలేదు. పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళు. బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్ళు. ఒక్కతల్లి బిడ్డల మధ్య అంత మర్యాద ఉండటం చూడటానికే బాగుండేది కాదు.

హలీనా ఆంటీ బీడు కోసం చేసిన పోరాటం ఓడిపోయింది. నేను కాలేజీకి వెళ్ళిన ఏడాది ఆమె మెట్ల మీద జారిపడితే, ఎక్కడో దూరాన ఉన్న మేనల్లుడు వచ్చి ముసలివాళ్ళ హోంలో చేర్పించి, పై వాటా ఖాళీ చేయించాడు. ఎండిన మొక్కలు, సీసాలు, కాయితాలు అన్నీ సందులోని చెత్త డబ్బాలోకి వెళ్ళాయని అమ్మ ఫోన్లో చెప్పింది. మళ్ళీ సెలవులకి నేను వచ్చేసరికి ఆమె లేదు. బీడు ఉన్నచోట ఇప్పుడు సామాన్లు దాచుకునే వరస గదులున్నాయట, కలుపు మొక్క కూడా మొలవని సిమెంటు. ఎంతోమంది గొంతులు పట్టి ఇచ్చిన మనిషి, ఆమె గొంతు పట్టి ఉంచుకుందామని మాలో ఒక్కరికీ తోచలేదు. ఇప్పుడు నా మనవడు తుమ్మినా మా అమ్మాయి వీడియో తీస్తుంది. మళ్ళీ ఎవరూ చూడరు. ఆ రోజుల్లో ఒక్క క్యాసెట్ కోసం వీధంతా అరుగెక్కేది. ఏది మేలో నాకు తెలియడం మానేసి చాలా రోజులైంది.

ఇదంతా విని రమణక్క గ్లాసు పక్కకి జరిపింది. "ఆ ఫోన్ వచ్చిన రోజు మా నాన్న అన్నం తినలేదే," అంది. "టేప్‌రికార్డర్‌ని తీసి బీరువా మీదెక్కించాడు. కానీ పోస్టుమాన్ వచ్చే వేళకి రోజూ అరుగు మీద కూచునేవాడు. తమ్ముడు కోపం తగ్గి పంపుతాడేమోనని. ఎన్నేళ్ళు కూచున్నాడో." ఈ సంగతి నాన్నకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే నాన్న లేడు.

ఇంట్లో క్యాసెట్ ఆడే మిషన్ లేదు. ఉన్నదల్లా మా ఆయన అమ్మకుండా దాచుకున్న పాత కారులో ఉన్నది. పెన్సిల్‌తో టేపు బిగించి, మిషన్ దాన్ని నమిలేస్తుందేమోనని భయపడుతూనే, గరాజ్‌లో కారులో ఇద్దరం కూచున్నాం. "అమ్మా! నీ పాట విన్నామమ్మా," అని పెదనాన్న మొదలెట్టాడు. రమణక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వానలు, మిరప నారు, తన చదువు, అన్నీ విన్నది. మధ్యమధ్య ఏడుస్తూనే, "అబ్బ, ఆ మేష్టారు నన్ను ఫెయిల్ చేస్తే ఈయన చూడు పాసయిందని చెప్తన్నాడు," అని నవ్వింది. "ఉంటా తమ్ముడూ, ఉంటానమ్మా." నాన్న చేయి పోయినట్టే నా చేయీ మీట మీదికి పోయింది. రమణక్క నా మణికట్టు పట్టుకుంది. "ఉండనీ. కాసేపుండనీ. ఆయన ఊపిరన్నా వినపడిద్దేమో."

టక్కుమంది. పెదనాన్న ఆపేసిన చప్పుడు. ఆ వెంటనే, ఆయన మాటలు చేరని చోట, రాయి. తిరగలి రాయి గుర్రుమంటూ రెండు చుట్లు తిరిగి, ఆగింది. ఆగాక హలీనా ఆంటీ బొంగురు గొంతు: "ఆ అమ్మాయి? ఇంటికి వెళ్ళిందా, అడుగు." తర్వాత, ముక్కు చీదుకుంటూ, ఒక చిన్నపిల్ల. అది నేనని తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. "నాయనమ్మా, ఆంటీ అడుగుతోంది, ఆ అమ్మాయి వెళ్ళిందా లేదా అని. తొందరగా చెప్పు, నా కార్టూన్ అయిపోతుంది."

"గింజలయిపోయినయ్యిగా," అంది నాయనమ్మ. స్పష్టంగా, పక్కసీట్లో కూచున్నట్టు. "ఒట్టి తిరగలి తిప్పకూడదు. అన్న ఇంకా అరుగు మీదే కూచున్నాడని చెప్పు. రేపు మళ్ళీ విసిరేటప్పుడు తోలుకొని పోతాళ్ళే."

ఆంటీ నవ్వింది. సరే ఇక నా వంతు అంది. గొంతు సవరించుకుని, ఏదో పోలిష్ పాట, శ్రుతి తప్పి, పెద్దగా ఎత్తుకుంది. రెండు పాదాలు పాడిందో లేదో టేపు అయిపోయింది. కారులో మిషన్ దానంతట అదే అవతలి వైపుకి తిరిగి, ఖాళీగా బుస్సుమంటూ ఉండిపోయింది.

ఎన్నో ఏళ్ళు ఆ గొంతు మా నాన్న టైల కిందే ఉంది. రమణక్క కళ్ళు తుడుచుకోలేదు. ముందుకి, గరాజ్ తలుపుకేసి చూస్తూ, "మా నాన్నా అట్టాగే కూచున్నాడు గదే," అంది, "రేపు రేపని."